కొసరు బిళ్లలు

వైద్యం చదివేటప్పుడు మాకు ఎముకల పేర్లు చెప్పారు, మందుల పేర్లు చెప్పారు, ఏ మందుకు ఏ మందు పడదో చెప్పారు. బేరం ఆడటం మాత్రం చెప్పలేదు. పిడుగురాళ్లలో క్లినిక్ తెరిచిన కొత్తలోనే అర్థమైంది, ఈ పనిలో సగం అదేనని. నా అదృష్టం కొద్దీ ఆ సగం నాకు అప్పటికే వచ్చు. మాచర్లలో మా నాయనది కిరాణా కొట్టు. అక్షరాల కంటే ముందు తక్కెడ నేర్చుకున్నాను.

నేను చీరల కొట్టులో అడుగుపెడితే గుమాస్తా ముందు తను మంచినీళ్లు తాగి కూర్చుంటాడు. ఆటో ఎక్కేటప్పుడు ఒక బేరం ఆడి, దిగేటప్పుడు ఇంకొకటి ఆడతాను. క్లినిక్ మూసేసిన రోజున తోటి డాక్టర్లు సన్మానం చేసి శాలువా కప్పితే, వేదిక మీదే దాని ఖరీదు అడిగి, మిమ్మల్ని మోసం చేశారని చెప్పి, సభను చల్లార్చాను. అలాంటి నేను, రోగులు మందు దగ్గర బేరమాడుతున్నారని చానా ఏళ్లు బాధపడ్డాను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఆ బాధతో కాలం వృథా చేసుకోకూడదని ఇది రాస్తున్నాను.

ఐదంటే రెండు

ఐదు రోజులకు మందు రాస్తే మనవాళ్లు మందుల షాపు దగ్గర, "ముందు రెండ్రోజులకియ్యి, తగ్గకపోతే అప్పుడు చూద్దాం" అంటారు. షాపువాడు కత్తెరతో స్ట్రిప్పును కత్తిరించి ఇస్తాడు. ఆ కత్తెర చప్పుడు నా క్లినిక్‌లోకి వినపడేది. జ్వరం తగ్గితే మిగతావి కొననక్కర్లేదు. తగ్గకపోతే డాక్టరమ్మ మంచిది కాదు. రెండు విధాలా లాభమే.

వాళ్లను తప్పుపట్టడానికి నోరు రాదు. పత్తి కొనేవాడు, మిరప కొనేవాడు, సున్నం బట్టీ దగ్గర లారీ ఎత్తేవాడు, అందరూ చెప్పిన మాటను సగానికి కోసి మొదలుపెట్టే ఊళ్లలో, డాక్టరు చెప్పింది మాత్రం యథాతథంగా తీసుకోవాలని ఎవరికి తోస్తుంది? డాక్టరు కూడా సగం కలిపే చెబుతుందని వాళ్ల లెక్క. నేనే రోగినైతే నేనూ అలాగే అనుకుంటాను.

ఈ జబ్బుకు నాకు మందు దొరికింది ఘానా దేశం వల్ల. అదెలాగో చెబుతాను.

స్టాంపు లేని జబ్బు

మా ఊళ్లో రాయి పగలగొట్టే క్రషర్లు బోలెడు. వాటి పళ్లు అరిగితే, బెల్టు తెగితే, చెవితో విని చెప్పగల మెకానిక్కులు కొందరున్నారు. అలాంటివాడు మస్తాన్‌వలి. మాజీ సర్పంచి కోటేశ్వరరావు గారి క్రషర్‌లో చేసేవాడు. కోటేశ్వరరావు ఎవరితోనో కలిసి ఆఫ్రికాలో ఘానా అనే చోట ఒక క్రషర్‌లో వాటా తీసుకున్నాడు. ఆ వాటా ఎంతో తెలియదుగానీ, ఊళ్లో మాత్రం దాన్ని "మన గానా" అనేవాడు, అదేదో బెల్లంకొండ పక్కన ఉన్నట్టు. అక్కడి మిషన్లు నడపడానికి మస్తాన్‌ను పంపాలని నిర్ణయించి, ప్రయాణం దగ్గరపడ్డాక నా దగ్గరికి తీసుకొచ్చాడు. విమానం టికెట్టు పంపిన ఏజెంటు, "మలేరియా బిళ్లలు డాక్టరుతో రాయించుకోండి" అని ఫోన్‌లో మెసేజి పెట్టాడట.

"ఏందమ్మా ఇది? ఎల్లో ఫీవర్ ఇంజెక్షన్ ఏయించాంగా. పసుపుపచ్చ కార్డు కూడా ఇచ్చారు. మళ్లీ బిళ్లలేంది?" అన్నాడు కోటేశ్వరరావు.

"అది వేరే జబ్బుకండీ. మలేరియాకు ఆ ఇంజెక్షన్ పనిచేయదు."

"మరి దీనికి కార్డు ఇస్తారా?"

"ఇవ్వరు."

"ఎయిర్‌పోర్టులో అడుగుతారా?"

"అడగరు."

"అడగనిదానికి ఎందుకమ్మా మనకు?"

ఈ ప్రశ్నకు జవాబు ఏ వైద్య గ్రంథంలోనూ లేదు. మన దేశంలో స్టాంపు పడేదాన్నే జబ్బంటారు. కార్డు చూపించకపోతే విమానం ఎక్కనివ్వరు గనక ఎల్లో ఫీవర్‌కు భయపడ్డారు. మలేరియా పాపం ఏ కాగితమూ అడగదు, అందుకని దానికి మర్యాద లేదు.

మస్తాన్ కుర్చీ అంచున కూర్చుని నవ్వుతున్నాడు. "దోమలు మాకు కొత్తా డాక్టరమ్మా? బట్టీల కాడే పుట్టి పెరిగా. నన్ను కుట్టి ఆ దోమే పడుకోవాల."

"ఇక్కడి దోమల వల్ల నీకు అక్కడి మలేరియా నుంచి రక్షణ రాదు మస్తానూ. అక్కడ ఎక్కువగా ఉండే రకం మెదడుకు ఎక్కుతుంది. ఆలస్యమైతే ప్రాణం తీస్తుంది."

నవ్వు ఆగింది. అతని భార్య కరీమూన్ తలుపు దగ్గర నిలబడి ఉంది. అప్పటిదాకా మాట్లాడని మనిషి. "ఎన్ని కావాలంటే అన్ని రాయండమ్మా" అంది. "ఈయనకు నవ్వటం తప్ప ఏం రాదు."

ఫిక్స్‌డ్ రేటు

ఎవరికి ఏ బిళ్ల అనేది వెళ్లే దేశాన్ని బట్టి, మనిషిని బట్టి ఉంటుంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు వేరు. మస్తాన్‌కు డాక్సీసైక్లిన్ రాశాను. బయలుదేరడానికి ఒకట్రెండు రోజుల ముందు మొదలుపెట్టాలి. అక్కడున్నన్నాళ్లూ రోజుకొకటి వేసుకోవాలి. తిరిగొచ్చాక నాలుగు వారాలు ఆపకుండా వాడాలి.

మొదటి భాగానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. కొత్త లారీ చక్రాల కింద నిమ్మకాయ పెట్టినట్టు, ప్రయాణానికి ముందు ఏదో ఒకటి చేయడం మనవాళ్లకు ఇష్టమే. రెండో భాగానికి కూడా ఒప్పుకున్నారు, కరీమూన్ చూస్తోంది గనక. మూడో భాగం దగ్గర కోటేశ్వరరావు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆ జరుపుకోవడం నాకు బాగా తెలుసు. మా నాయన కొట్టులో కందిపప్పు బస్తా దగ్గర చూసినదే.

"ఇంటికొచ్చినాక ఎందుకమ్మా? దోమ ఆడే ఉండిపోయిద్దిగా. దానికి పాస్‌పోర్టు లేదుగా."

"దోమ ఉండిపోతుంది. అది వదిలిన పురుగు లోపల కాలేయంలో దాక్కుని, మనిషితోపాటే విమానం ఎక్కుతుంది. దానికి టికెట్టు కూడా అక్కర్లేదు. అది బయటికొచ్చి నెత్తుట్లో పడ్డప్పుడు చంపడానికి మందు అప్పటికీ ఒంట్లో ఉండాలి."

"సరే, ఒక వారం ఏసుకుంటాడు."

"నాలుగు."

"రెండు చేసుకుందాం. నీ మాటొద్దు, నా మాటొద్దు."

నిజం చెబుతున్నాను, నా నాలుక చివర "మూడు" అనే మాట వచ్చి నిలబడింది. పుట్టుకతో వచ్చిన గుణం అది. ఎవరైనా రెండంటే నాకు మూడనాలనిపిస్తుంది. అరవై ఏళ్ల మనిషిని, స్టెతస్కోపు మెడలో వేసుకుని, ఒక ప్రాణాన్ని పప్పులాగా తూచబోయాను. నాలుక కరుచుకుని, "నాలుగంటే నాలుగేనండీ" అన్నాను.

"ఏంది డాక్టరమ్మా, ఫిక్స్‌డ్ రేటా?" అని కోటేశ్వరరావు బయట కూర్చున్నవాళ్లకు కూడా వినపడేలా నవ్వాడు. మస్తాన్ కూడా నవ్వాడు. కరీమూన్ నవ్వలేదు.

బావమరిది ముఖం

మస్తాన్ ఘానాలో రోజూ బిళ్ల వేసుకున్నాడు. ఎందుకంటే కరీమూన్ రోజూ వీడియో కాల్ చేసి, నోరు తెరిచి చూపించమనేది. దోమతెర కూడా కట్టుకున్నాడు. తెర అంచు సరిగా పరుపు కిందికి వెళ్లిందో లేదో ఫోన్ తిప్పి చూపించాల్సిందే. పక్క మంచాలవాళ్లు ఎగతాళి చేసేవాళ్లట.

సెలవు మీద ఇంటికొచ్చాడు. ఇంట్లో అడుగుపెట్టినరోజే బిళ్లలు ఆపేశాడు. నోరు తెరిచి చూపించమనే ఫోన్ ఇక రాదు గదా, మనిషే ఎదురుగా ఉంది. బతికొచ్చాడన్న సంతోషంలో ఆమె కూడా మరిచిపోయింది. మిగిలిన బిళ్లలు పారేయడానికి మాత్రం మనసొప్పలేదు. మనవాళ్లకు మిగిలిన మందును పారేయడమంటే అన్నం పారేయడంతో సమానం. డాక్సీసైక్లిన్ మొటిమలకు కూడా వాడతారని ఎవరో చెప్పారు. కరీమూన్ తమ్ముడికి పెళ్లి కుదిరి ఉంది, ముఖం నిండా మొటిమలు. బావ ప్రాణానికి ఇచ్చిన బిళ్లలు బావమరిది పెళ్లి ఫొటోలకు పోయాయి. ఫొటోలు చూశాను. ముఖం నున్నగానే ఉంది.

ఆ పెళ్లి వంటలు ఇంకా ఫ్రిజ్‌లో ఉండగానే మస్తాన్‌కు చలి మొదలైంది. వీధి చివర ఆర్‌ఎంపీ, "టైఫాయిడ్" అన్నాడు. మా ప్రాంతంలో ఏ జ్వరమైనా ముందు టైఫాయిడ్‌గానే పుడుతుంది. పేరు తర్వాత మారుస్తారు. సెలైన్ ఎక్కించాడు. వియ్యాలవారు బొప్పాయి ఆకు రసం పంపారు. కోటేశ్వరరావు వచ్చి చూసి, "ఆఫ్రికా ఊసు ఎవురితో అనబాకండి. ఎనక బ్యాచి వాళ్లు భయపడి ఆగిపోతారు" అని చెప్పి వెళ్లాడు. ఆర్‌ఎంపీకి అందుకే ఎవరూ చెప్పలేదు. పాపం, ఆయన అడగనూ లేదు.

మూడు రోజులు అలా గడిచాక కరీమూన్ ఎవరి మాటా వినకుండా ఆటోలో వేసుకుని నా దగ్గరికి తెచ్చింది.

"ఒళ్లు కాలిపోతాందమ్మా. పొద్దుటి నుంచి మాటలు తేడాగా ఉన్నయి. నన్ను ఎవురు నువ్వు అంటన్నాడు."

కళ్లు పచ్చగా ఉన్నాయి. వేలు గుచ్చి నెత్తురు చుక్క తీసి మలేరియా కార్డు మీద వేశాను. గీతలు రావడానికి పట్టే ఆ కాసేపూ కరీమూన్ నా ముఖం చూడలేదు, కార్డునే చూసింది. గీత పడింది. ఆ మెదడుకెక్కే రకమే.

"ఆ బిళ్లలు వేసుకున్నాడా?"

ఆమె గోడకు ఆనుకుంది. "మా తమ్ముడికిచ్చానమ్మా" అంది. "నా చేత్తోనే ఇచ్చా."

పొట్లం ముందు కట్టాలి

క్లినిక్‌లో ఉన్న ఇంజెక్షన్ మొదటి మోతాదు ఇచ్చాను. కానీ అతనికి పెద్దాసుపత్రి కావాలి, గుంటూరు తీసుకెళ్లాలి, వెంటనే. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే హైవే మీద ఏదో లారీ ప్రమాదానికి వెళ్లింది, ఆలస్యమవుతుందన్నారు. సరిగ్గా అప్పుడే కోటేశ్వరరావు తన పెద్ద కారులో దిగాడు.

పక్కకు పిలిచి సంగతి చెప్పాను. ఆయన ముఖంలో నిజంగానే బాధ కనిపించింది. బాధ పడుతూనే అన్నాడు: "ఇయ్యాల మండల మీటింగుందమ్మా. కారు లేకుండా ఎళితే బాగోదు. అంబులెన్స్ వచ్చిందాకా ఆగుదాం. రాకపోతే సాయంత్రం నేనే తీసుకపోతా."

"సాయంత్రానికి ఉండకపోవచ్చు."

"అంతంత మాటలెందుకు. ఒక గంట..."

ఇక్కడ మీకు మా నాయన గురించి చెప్పాలి. బేరం తెగనివాడి ముందు మా నాయన వాదించేవాడు కాదు. సరుకు తూచి, పొట్లం కట్టి, దారం చుట్టి, పదిమంది చూస్తుండగా వాడి సంచిలో పెట్టేసేవాడు. కట్టిన పొట్లాన్ని జనం ముందు విప్పి తిరిగిచ్చే ధైర్యం మనవాళ్లలో ఎవరికీ ఉండదు.

నేను తలుపు తీసి హాల్లోకి వెళ్లాను. బెంచీల మీద జనం కిటకిటలాడుతున్నారు, సగం ఆయన వార్డువాళ్లే. గొంతు పెంచి, "దారి ఇవ్వండమ్మా! సర్పంచిగారు మీటింగు కూడా మానుకుని మస్తాన్‌ను సొంత కారులో గుంటూరు తీసుకెళ్తున్నారు!" అన్నాను.

"మా సర్పంచంటే సర్పంచే" అంది ఒక ముసలమ్మ చేతులు జోడించి. ఇంకొకాయన ఫోన్ తీసి వీడియో పట్టడం మొదలెట్టాడు.

కోటేశ్వరరావు నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తు. కందిపప్పు పొట్లం సంచిలో పడ్డ మనిషి చూపు అది. మరుక్షణం చొక్కా సర్దుకుని, వీడియో వైపు తిరిగి, "ఎయ్, ఆ ఎనక సీటు మడవండిరా! మనిషి ప్రాణం కంటే మీటింగు ఎక్కువా మనకు?" అన్నాడు. మస్తాన్‌ను ఎత్తేటప్పుడు తల పక్క తనే పట్టుకున్నాడు కూడా. అది మాత్రం వీడియో కోసం కాదనుకుంటాను. వీడియో తీసేవాడు అప్పటికి అటు తిరిగాడు.

మస్తాన్ బతికాడు. ఐసీయూలో పడి, చిక్కి, గడ్డం పెరిగి తిరిగొచ్చాడు. పిల్లలూ, ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతున్నాను. జ్వరంతో వచ్చిన ప్రతి మనిషినీ ముందు "ఎక్కడికి వెళ్లొచ్చావు?" అని అడగండి. వాళ్లు గుంటూరంటారు. "దానికి ముందు?" అని అడగండి. బిళ్లలు మొత్తం సరిగా వాడినవాడికి కూడా, తిరిగొచ్చిన నెలలకు జ్వరం వచ్చినా సరే, అదేరోజు నెత్తురు పరీక్ష చేయండి. బిళ్ల ముప్పును బాగా తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయదు. దోమతెర, ఒంటి నిండా బట్ట, పూసుకునే మందు ఉండాల్సిందే.

గుప్పెడు కరివేపాకు

కోలుకున్నాక మస్తాన్ మళ్లీ వెళ్తానన్నాడు. వద్దనడానికి నేనెవర్ని? అక్కడి జీతం ఇక్కడ ఎవరూ ఇవ్వరు. కరీమూన్ మాత్రం నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. "ఆడ ఉన్నన్నాళ్లు నేను చూసుకుంటానమ్మా. ఇంటికొచ్చినాకే భయం. ఇంటికొస్తే ఇంక ఎవురి మాటా వినడు, బాగానే ఉన్నాగా అంటాడు."

కాలేయం బొమ్మ గీసి చూపించాను. ఆమె తలూపింది, కానీ బొమ్మ చూసి బిళ్ల మింగేవాడెవడు?

ఆ వారంలోనే కూరగాయల బజారులో ఆమె కనపడింది. వంకాయలు తూయించుకుని, డబ్బు ఇచ్చేసి, కదలకుండా నిలబడింది. "ఏంది చూస్తన్నావ్? కొసరెయ్యి" అంది. కొట్టతను గుప్పెడు కరివేపాకు వేశాడు. "కొత్తిమీరో?" అది కూడా వేశాడు. అప్పుడు కదిలింది. పక్క కొట్టు దగ్గర నేనూ అదే పని మీద ఉన్నాను. రెండు పచ్చిమిరపకాయల కోసం, ఎండలో, రక్తపోటు ఉన్న డాక్టరుని, సంచి నోరు తెరిచి పట్టుకుని నిలబడ్డాను. అక్కర ఉండి కాదు. ఇంటి దగ్గర పచ్చిమిర్చి కుళ్లిపోతోంది. తూకం అయిపోయాక వచ్చేది వదిలిపెట్టడం మా ఒంట్లో లేదు, అంతే.

అక్కడే, సంచి పట్టుకునే, తల మీద ఎవరో మొట్టినట్టయింది. తూకంలో భాగమని చెబితే కోసేస్తారు. కొసరని చెబితే చచ్చినా వదలరు!

ఈసారి షాపుకు రాసివ్వకుండా మందు నేనే తెప్పించి, మస్తాన్ బయలుదేరే ముందు రెండు పొట్లాలు కట్టించాను. ప్రయాణానికి, అక్కడికి ఒకటి. దానికి బిల్లు వేసి కోటేశ్వరరావుకు పంపాను. రెండోది చిన్న పొట్లం, దారం చుట్టి కరీమూన్ చేతిలో పెట్టాను. "ఇది కొసరు. నా తరఫున. ఇంటికొచ్చినరోజు నుంచి వేసుకోవాలి. బిల్లులో లేదు."

ఆమె కళ్లు మెరిశాయి. "ఊరికేనా?"

"ఊరికేనే."

కొసరు ఊరికే వస్తుందని నమ్మేవాడు కొట్టు పెట్టలేడు. దాని ఖరీదు ఎప్పుడూ అసలులోనే ఉంటుంది. ఇది కూడా అక్కడే ఉంది. పెద్ద పొట్లం బిల్లు చూసి కోటేశ్వరరావు, "రేటు పెరిగిందేందమ్మా?" అని ఫోన్ చేశాడు. "అన్నీ పెరిగాయండీ" అన్నాను.

మోసం అనుకోకండి. కాలేయం సంగతి కూడా చెప్పాను, చెప్పి తీరాలి. పేరొక్కటే మార్చాను.

మస్తాన్ తిరిగొచ్చాక ఏమైందో కరీమూనే చెప్పింది. మొదటిరోజే అతను, "బాగానే ఉన్నాగా, ఎందుకే?" అన్నాడట. "డాక్టరమ్మ ఊరికే ఇచ్చిన కొసరు వదిలేత్తావా? అంత కలిగినోడివైనావా? ఇంకో తమ్ముడు లేడు నాకు ఇయ్యటానికి" అందట. అన్నం తిన్నాక, పాలు కాదు టీ కాదు, పెద్ద గ్లాసు నీళ్లతో, మింగాక వెంటనే పడుకోకుండా మంచం మీద నిటారుగా కూర్చోబెట్టి కాపలా కాసింది. ఈ బిళ్ల వాడేటప్పుడు ఎండలో ఒళ్లు మండుతుందని నేను చెబితే పొడుగు చేతుల చొక్కా కూడా వేయించింది. నాలుగు వారాలూ ఒక్కటి కూడా మానలేదు. పొట్లం కట్టిన దారం కూడా దాచుకుందని విన్నాను.

సర్పంచిగారి వాటా

మాట ఊళ్లో పాకింది. ఆఫ్రికా వెళ్లేవాళ్లంతా నా దగ్గరికి వచ్చి అసలు కంటే ముందు కొసరు సంగతి అడగడం మొదలుపెట్టారు. నా పాతికేళ్ల ఉపన్యాసాలకు రాని ఫలితం గుప్పెడు కరివేపాకుకు వచ్చింది.

క్లినిక్ మూసే ముందు కోటేశ్వరరావు తన క్రషర్‌ను తనే చూసుకోవడానికి ఘానా వెళ్లొచ్చాడు. వెళ్లే ముందు బిళ్లలు ఏజెంటు ద్వారా ఇంకెక్కడో తక్కువకు కొన్నాడు. దిగిన మర్నాడే నా క్లినిక్‌కు వచ్చాడు. మస్తాన్ వెనక నిలబడ్డాడు, మళ్లీ కాస్త ఒళ్లు చేసి.

"ఏందమ్మా ఇది న్యాయమేనా? మెకానిక్కులకు కొసరిచ్చి నాకు ఇయ్యవా?"

"మీరు నా దగ్గర కొనలేదుగదండీ."

"కొనకపోతే? పాత కాతాదారుణ్ని కాదా?"

పొట్లం తీసి టేబుల్ మీద పెట్టాను. చేత్తో ఎత్తి బరువు చూశాడు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మస్తానుకు ఎన్నిచ్చావ్?"

"నాలుగు వారాలకు."

"నాకూ అంతేనా? రెండుసార్లు సర్పంచి చేసినోణ్ని. ఆరు వారాలకియ్యి."

"అవసరం లేదండీ. ఎవరికైనా నాలుగే."

"పోనీ ఐదు చేసుకుందాం. నీ మాటొద్దు, నా మాటొద్దు."

నా నాలుక చివరికి ఏదో అంకె వచ్చి నిలబడింది. అది బయటపడే లోపలే వెనక నుంచి మస్తాన్ అన్నాడు:

"కుదరదు సర్పంచిగారూ. ఈడ ఫిక్స్‌డ్ రేటు."